చేను ఎండినా బీమా రాలేదు, ఈసారి కట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. సొంతం 3 ఎకరాలు, కౌలుకు 2 ఎకరాలు. అంతా వర్షాధారమే. పోయిన ఖరీఫ్‌లో శెనక్కాయ వేసి మధ్యలో కంది సాళ్లు పెట్టినాను. సొంత పొలానికి బీమా కట్టినాను. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైములో 26 రోజులు చినుకు లేదు. ఎకరాకు రెండు మూటలు కూడా కాలేదు. మా మండలాన్ని కరువు మండలమని ప్రకటించినారు. అయినా బీమా డబ్బు పడలేదు. పక్క మండలంలో పడింది. పోయి అడిగితే, మీ శెనక్కాయది వాతావరణ బీమా, మీ దగ్గర వాన పడినట్టు లెక్కలో ఉంది అన్నారు. చేను చూడకుండా ఎట్ల చెప్తారు? ఈసారి కట్టాల్నా, వద్దా? కౌలు చేనికి ఎవరి పేరుతో కట్టాల?

సమాధానం: కట్టండి. కౌలు పొలానికి కూడా కట్టండి. అయితే పోయిన ఏడు ఏం జరిగిందో తెలుసుకోకుండా కడితే ఈ ఏడూ అదే తిప్పలు వస్తాయి. అందుకే ముందు ఆ సంగతి.

పంటల బీమా అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు పథకాలు. ఒకటి 2016 ఖరీఫ్ నుంచి నడుస్తున్న ప్రధానమంత్రి ఫసల్ బీమా. ఇది దిగుబడిని కొలుస్తుంది. రెండోది వాతావరణ ఆధారిత బీమా. ఇది వానను, ఎండను, గాలిలో తేమను కొలుస్తుంది, పంటను కాదు. ఏ జిల్లాలో ఏ పంట దేని కిందికి వస్తుందో ప్రతి సీజన్‌కూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులో చెబుతుంది. మీ వేరుశనగ రెండో దాంట్లో ఉంది కాబట్టి మీ చేనుకు ఎవరూ రారు. వచ్చే అవసరం ఆ పథకంలో లేదు. మీ గ్రామానికి ముడిపెట్టిన ఒక వాతావరణ కేంద్రం ఉంటుంది. అక్కడి వానమాపకం ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు చూపిందన్నదే మీ క్లెయిమ్. ఈ తరహా బీమా మన దేశంలో తొలిసారి మొదలైంది కూడా మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు. అప్పటి నుంచీ రైతులు అడుగుతున్నది మీరు అడిగిన ప్రశ్నే.

ఆ లెక్క ఎట్లా నడుస్తుందో చూద్దాం. ప్రతి పంటకూ టర్మ్ షీట్ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో సీజన్‌ను దశలుగా, తేదీలతో సహా విడగొడతారు. ఒక్కో దశకు కొన్ని షరతులు రాస్తారు. వాటిలో లోటు వర్షం ఒకటి. ఉదాహరణకు ఒక దశలో 90 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ ఎకరాకు 60 రూపాయలు అని ఉందనుకుందాం (అంకెలు అర్థం కావడానికే, మీ షీట్‌లో వేరుగా ఉంటాయి). 70 పడితే లోటు 20, వచ్చేది 1,200 రూపాయలు. ఇంకో షరతు బెట్ట, అంటే వరసగా వాన లేని రోజులు. 20 రోజులకు ఇంత, 25 రోజులకు ఇంత, 30 దాటితే ఇంత అని మెట్లు మెట్లుగా ఉంటుంది. కొన్ని షీట్లలో కోత సమయంలో అధిక వర్షానికీ లెక్క ఉంటుంది.

మీ 26 రోజుల బెట్ట ఈ లెక్కలో కనపడకుండా పోవడానికి దారులు చాలా ఉన్నాయి. ఎక్కువసార్లు జరిగేది ఇది: సాధారణంగా రోజుకు 2.5 మిల్లీమీటర్ల లోపు పడితేనే ఆ రోజును పొడి రోజుగా లెక్కిస్తారు. మీ ఊళ్లో చినుకు లేకున్నా, కేంద్రం ఉన్న చోట పదమూడో రోజు 3 మిల్లీమీటర్లు పడిందనుకోండి, 26 కాస్తా 12, 13గా విరిగిపోతుంది. రెండూ 20కి చేరవు కాబట్టి పైసా రాదు. 3 మిల్లీమీటర్ల వానతో ఎర్రనేలలో దుమ్ము అణుగుతుందే తప్ప ఊడ దిగదని మీకూ మాకూ తెలుసు, పట్టికకు తెలియదు. రాయలసీమలో ఆగస్టు వాన పొలం గట్టు ఇవతల పడి అవతల పడదు. అట్లాంటిది కేంద్రం పది కిలోమీటర్ల దూరంలో ఉంటే అక్కడి వానకూ మీ చేనుకూ పొంతన ఉండకపోవడంలో వింత లేదు. పక్క మండలానికి డబ్బు పడిందంటే వాళ్ల కేంద్రం వేరు, అంతే.

రెండోది తేదీల గొడవ. బెట్ట ఒక దశ చివర మొదలై ఇంకో దశలోకి సాగితే, షీట్‌ను బట్టి రెండు ముక్కలుగా లెక్కించవచ్చు. లోటు వర్షంలో దీనికి ఎదురు జరుగుతుంది. దశ మొత్తం ఎండబెట్టి, ఆఖరి రోజు ఒక్క జడివాన 60 మిల్లీమీటర్లు కురిస్తే కాగితం మీద లోటు పూడిపోతుంది. అప్పటికి ఊడలు ఎండిపోయి ఉంటాయి.

మూడోది విత్తిన తేదీ, దీన్ని చాలామంది పట్టించుకోరు. వేరుశనగ విత్తిన 25, 30 రోజులకు పూత కొస్తుంది, 40, 45 రోజుల నుంచి ఊడలు దిగుతాయి, ఆ తరువాత కాయ ఊరుతుంది. జూలై 5న విత్తితే ఊడల దశ ఆగస్టు మధ్యలో పడుతుంది. పదును దొరకక జూలై 28న విత్తితే అది సెప్టెంబరు రెండో వారానికి జరుగుతుంది. టర్మ్ షీట్ మాత్రం అందరికీ ఒకే తేదీలు పెట్టుకుని కూర్చుంటుంది. మీ చేనుకు ప్రాణం మీదికి వచ్చిన రోజులు షీట్‌లో తక్కువ డబ్బు ఉన్న దశలో పడి ఉండొచ్చు.

కాబట్టి పోయిన ఏటి సంగతి తేల్చుకోవడానికి మీకు మూడు కాగితాలు కావాలి: ఆ సీజన్ టర్మ్ షీట్, మీ గ్రామానికి ముడిపెట్టిన కేంద్రం పేరు, ఆ కేంద్రంలో జూన్ నుంచి అక్టోబరు వరకు రోజువారీ వర్షపాతం. మండల వ్యవసాయ అధికారిని రాతపూర్వకంగా అడగండి. రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు రుసుము, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వానలెక్కలకు ఆటోమేటిక్ కేంద్రాలను నడిపే రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థను కూడా అడగవచ్చు. కాగితాలు చేతికొచ్చాక ఒక సంగతి మరవొద్దు. రోజు వాన అంటే ముందురోజు ఉదయం 8:30 నుంచి ఈ రోజు 8:30 వరకు పడింది. రాత్రి పది గంటల వాన మరుసటి తేదీ ఖాతాలో ఉంటుంది. దశ మారే తేదీ దగ్గర ఇది తేడా తెస్తుంది.

లెక్క కుదిరి, షరతు ఏదీ తగలలేదని తేలితే అక్కడితో వదిలేయాలి. చేను ఎండిన ఫొటోలు ఎన్ని చూపినా ఆ పథకంలో అవి పనికిరావు. కానీ మీ గ్రామాన్ని వేరే కేంద్రానికి కలిపినా, కొన్ని రోజుల లెక్కలు గల్లంతై ప్రత్యామ్నాయ కేంద్రం లెక్క తీసుకోకపోయినా, షరతు తగిలినా డబ్బు వేయకపోయినా మీకు దావా ఉంది. ముందు 14447కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇది పంటల బీమాకు దేశమంతటా ఒకటే నంబరు. తరువాత కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఆ మూడు కాగితాలు జతచేసి అర్జీ ఇవ్వండి. ఒక్కరుగా కాకుండా అదే కేంద్రం కిందికి వచ్చే పది మంది రైతులు కలిసి ఇస్తే బలం, ఎందుకంటే తప్పు ఉంటే అందరికీ ఒకే తప్పు. ఒక్కోసారి క్లెయిమ్ మంజూరైనా రాష్ట్రం వాటా ప్రీమియం కంపెనీకి చేరక నెలల తరబడి ఆగుతుంది. అట్లా ఆగిందా, అసలే రాలేదా అన్నది కూడా అడగండి. కంపెనీ వల్ల గడువు దాటి ఆలస్యమైతే 12 శాతం వడ్డీ ఇవ్వాలన్న నిబంధన ఉంది.

కరువు మండలం ప్రకటనకూ బీమాకూ సంబంధం లేదు. ఇది చాలామందిని తప్పుదోవ పట్టిస్తోంది. కరువు ప్రకటిస్తే వచ్చేది పెట్టుబడి రాయితీ. దానికి 33 శాతం, ఆపైన పంట నష్టం ఉండాలి, 2 హెక్టార్ల వరకే ఇస్తారు. 2022 కేంద్ర నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. బీమా కట్టినా కట్టకపోయినా అది వస్తుంది, వేరే లెక్క, వేరే జాబితా. మీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

ఇక కంది. కంది మీ దగ్గర దిగుబడి ఆధారిత పథకంలో ఉంటే దాని లెక్క పూర్తిగా వేరు. గత 7 ఏళ్లలో మంచి దిగుబడి వచ్చిన 5 ఏళ్ల సగటు తీసి, దాన్ని 70, 80 లేదా 90 శాతంతో గుణిస్తే వచ్చేది హామీ దిగుబడి. ఈ ఏడు మీ బీమా యూనిట్‌లో (గ్రామం, పంచాయతీ లేదా ఇంకా పెద్ద ప్రాంతం) పంట కోత ప్రయోగాలు (ఎంచుకున్న చేలలో కొంత భాగం కోసి తూచడం) చేసి సగటు తీస్తారు. గ్రామమే యూనిట్ అయితే కనీసం 4 ప్రయోగాలు చేయాలి. సగటు కంది దిగుబడి ఎకరాకు 200 కిలోలు, హామీ 80 శాతం అయితే 160 కిలోలు అనుకుందాం. ఈసారి యూనిట్ సగటు 100 వస్తే తగ్గింది 60, అంటే 160లో 37.5 శాతం. బీమా మొత్తం ఎకరాకు 20,000 అయితే అందరికీ ఎకరాకు 7,500. సగటు 165 వస్తే, మీ చేనులో 40 కిలోలే వచ్చినా సున్నా. కాబట్టి ప్రయోగాలు జరిగే రోజు మీ ఊరి నుంచి నలుగురు అక్కడ ఉండండి. ఏ సర్వే నంబర్లలో చేస్తున్నారో ముందే తీసుకున్న జాబితా ప్రకారం జరుగుతోందా, పచ్చగా ఉన్న చేను వైపు జరిగారా, తడిబరువు తూచి ఎండు బరువు కట్టడం మరిచారా చూడండి. గొడవ పడొద్దు. సంతకం పెట్టేముందు అంకె చదివి ఫొటో తీసుకోండి చాలు.

ఇప్పుడు కట్టాలా వద్దా అన్నది. ఖరీఫ్ ఆహార, నూనెగింజ పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతమే. రబీలో 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. ఎకరాకు 28,000 బీమా అనుకుంటే మీరు కట్టేది 560. అసలు ప్రీమియం రేటు మన జిల్లాలాంటి చోట దానికి కొన్ని రెట్లు ఉంటుంది, ఆ తేడాను కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఎకరానికి పెట్టే విత్తనం ఖర్చులో ఇది చిన్న పాలు. ఏటా వానలో 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే జిల్లాలో, పదేళ్లలో మూడు నాలుగు సార్లు బెట్ట తప్పదనుకునే నేలలో, ఇంత తక్కువకు ఇంకే రక్షణా దొరకదు. చేను ఎండిన ప్రతిసారీ డబ్బు వస్తుందని మాత్రం అనుకోవద్దు. బీమా వస్తుందన్న ధైర్యంతో అప్పు పెంచుకోవడం మరీ ప్రమాదం.

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టింది. 2024-25 రబీ నుంచి రైతు వాటా రైతే కట్టాలి. అప్పు తీసుకున్నవాళ్లకు బ్యాంకు కోసుకుంటుంది. వద్దనుకుంటే గడువుకు 7 రోజుల ముందు రాసివ్వాలి. బ్యాంకుతో వచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది: అప్పు పత్రంలో రెండేళ్ల కిందట రాసిన పంట పేరుతోనే బీమా కట్టేస్తుంది. మీరు ఆముదం నుంచి వేరుశనగకు మారినట్టయితే గడువుకు కనీసం రెండు రోజుల ముందే బ్యాంకుకు చెప్పండి. బ్యాంకు కోసుకున్న పొలానికే మళ్లీ మీసేవ లేదా సీఎస్సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రంలో కడితే రెండు నమోదులూ చిక్కులో పడతాయి. అప్పు లేని పొలానికి సీఎస్సీలో, రైతు సేవా కేంద్రంలో, పోస్టాఫీసులో కట్టవచ్చు. ప్రీమియం తప్ప వేరే రుసుము ఇవ్వనక్కరలేదు. గడువు సాధారణంగా జూలై 31 చుట్టూ ఉంటుంది, పంటను బట్టి మారుతుంది. వాన రాకపోతే విత్తడం ఆలస్యమవుతుంది కానీ గడువు ఆగదు, కాబట్టి విత్తాక కడదామని కూర్చోవద్దు.

కట్టిన వెంటనే రసీదులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. సర్వే నంబరు, సబ్ డివిజన్‌తో సహా. గ్రామం పేరు, ఎందుకంటే ఒకే పేరున్న ఊళ్లు పక్క మండలంలో ఉంటే వాతావరణ కేంద్రమే మారిపోతుంది. పంట. విస్తీర్ణం: పోర్టల్‌లో హెక్టార్లలో ఉంటుంది, 3 ఎకరాలు అంటే 1.21 ఉండాలి, 0.30 ఉంటే ఎవరో లెక్క తప్పుగా మార్చారు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో కూడా చూడండి. డబ్బు ఆధార్‌తో చివరిగా ముడిపడిన ఖాతాకే పోతుంది, పాత ఖాతా మూసేసి ఉంటే వెనక్కి పోతుంది.

దీనితోపాటు ఈ-పంట, అంటే ఎవరు ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ పట్టిక. మన రాష్ట్రంలో బీమా అయినా రాయితీ అయినా ఈ-పంట నమోదుతో సరిచూస్తారు. విత్తిన పది, పదిహేను రోజుల్లో గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి చేనుకు పిలిచి రాయించండి, వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించండి. విత్తిన తేదీ నిజమైనది పడాలి. మీది అంతర పంట కాబట్టి వేరుశనగ ఎన్ని సాళ్లకు ఒక కంది సాలో చెప్పి, రెండు పంటలూ రాయించండి. మన దగ్గర 7:1, 11:1 ఎక్కువ. మొత్తం వేరుశనగే అని రాస్తే కందికి మీ పేరు ఎక్కడా ఉండదు. తరువాత రైతు సేవా కేంద్రంలో జాబితా అతికిస్తారు. సామాజిక తనిఖీ అంటారు దాన్ని. అభ్యంతరం చెప్పాల్సింది ఆ రోజుల్లోనే.

కౌలు పొలం సంగతి. కౌలు రైతుకూ బీమా హక్కు ఉంది. 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం మీ చేతిలో ఉంటే ఆ 2 ఎకరాలు మీ పేరుతో ఈ-పంటలో ఎక్కుతాయి, బీమా మీ ఖాతాకే వస్తుంది. పత్రం 11 నెలలకే చెల్లుతుంది, అంటే ప్రతి ఏడూ కొత్తగా తీసుకోవాలి. జూన్‌లోనే రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందిని అడగండి. అడ్డం పడేది యజమాని సంతకమే. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం వాళ్లది. ఆ పత్రంతో కౌలుదారుకు భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది, ఆ మాట అధికారి నోటితో యజమానికి వినిపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే యజమాని తన పేరుతో కట్టి, వచ్చిన డబ్బు మీకివ్వాలని ఇద్దరు సాక్షులతో కాగితం రాసుకోవడం ఒకటే మిగులుతుంది. అది బలమైన కాగితం కాదు. కానీ ఏమీ లేకుండా ప్రీమియం మీరు కట్టి డబ్బు వాళ్లకు పోయేకంటే నయం. ఒకవేళ మీకు తెలియకుండానే యజమాని ఆ పొలాన్ని తన పేరున ఈ-పంటలో ఎక్కించి ఉంటే మీ నమోదు సాగదు, అది ముందే చూసుకోండి.

నష్టాన్ని 72 గంటల్లో చెప్పాలన్న మాట మీరు వినే ఉంటారు. బెట్టకు అది వర్తించదు. దిగుబడి ఆధారిత పథకంలో వడగళ్లు, కుండపోత, పిడుగు మంట లాంటివి ఒక్క చేనును కొడితేనూ, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల లోపు తుపాను వానకో అకాల వర్షానికో తడిస్తేనూ, మీ ఉత్తర్వులో ఆ రక్షణ ఉంటే 72 గంటల్లో 14447కు గానీ పంటల బీమా యాప్‌లో గానీ చెప్పాలి. చేనులో పరిచి ఉన్న పంటకే అది, వామి వేశాక వర్తించదు. మీ కందికి ఇది పనికొస్తుంది.

ఇంకొకటి, ఖర్చు లేనిది. నిటారు గోడల డబ్బా ఒకటి, పాల పొడి డబ్బా అయినా సరే, చెట్టు నీడ పడని చోట గుంజకు కట్టి, రోజూ ఉదయం 8:30కు స్కేలుతో నీటి లోతు కొలిచి రాయండి. లోతు ఎన్ని మిల్లీమీటర్లో వాన అంత. గోడలు ఏటవాలుగా ఉన్న బకెట్‌తో లెక్క తప్పుతుంది. ఈ పుస్తకం చూపి క్లెయిమ్ అడగలేరు. కానీ కేంద్రం లెక్కకూ మీ లెక్కకూ ఏ తేదీన తేడా వచ్చిందో ఇది చూపిస్తుంది. మీ పంచాయతీలో మూడు నాలుగు చోట్ల ఇట్లా రాసి, రెండు సీజన్ల తేడాలు చేతబట్టుకుని గ్రామసభ తీర్మానంతో దగ్గరలో వానమాపకం కావాలని కలెక్టరును అడిగితే, ఊరికే నష్టపోయామని చెప్పడం కంటే ఆ అర్జీకి విలువ ఎక్కువ. ఈ ఏడు పదును పడకముందే డబ్బా కట్టండి.